బ్యాటరీ నాడి పట్టేదెవరు?

పాత పెట్రోలు కారు కొనడానికి వెళ్ళేటప్పుడు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్ళడం మనకు అలవాటు. ఆయన బానెట్ ఎత్తుతాడు. ఆయిల్ పుల్ల బయటికి లాగి, అంటిన నూనెను వేళ్ళ మధ్య రాసి చూస్తాడు. ఇంజన్ స్టార్ట్ చేయించి చెవి ఒగ్గి వింటాడు. సైలెన్సర్ వెనక్కి వెళ్ళి పొగ రంగు చూస్తాడు. పావుగంటలో ‘తీసుకోవచ్చు సార్’ అనో, ‘వద్దు, బోరుకొచ్చింది’ అనో తేల్చేస్తాడు. అదే మెకానిక్‌ను పాత ఎలక్ట్రిక్ కారు దగ్గరికి తీసుకెళ్తే చేతులెత్తేస్తాడు. అక్కడ చప్పుడు లేదు, పొగ లేదు, వేళ్ళకు అంటే నూనె లేదు. కారు ధరలో పెద్ద వాటా సీట్ల కింద పరిచిన బ్యాటరీది. దాని ఆరోగ్యం కంటికీ చెవికీ అందదు. తెర మీద ఒక అంకె కనిపిస్తే కనిపించినట్టు, లేకపోతే లేదు.

ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది? దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? ఇంకో అయిదేళ్ళకు అది ఎంత ఉంటుందో ముందే చెప్పగలమా? ముప్పై ఏళ్ళుగా రసాయన శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు, ఈ మధ్య కంప్యూటర్ శాస్త్రవేత్తలు కూడా ఈ ప్రశ్నల చుట్టూ తిరుగుతున్నారు. వాళ్ళు ఎంత దూరం వచ్చారో, ఎక్కడ ఆగారో ఒకసారి మొత్తంగా చూసుకోవలసిన సమయం వచ్చింది. మన ఊళ్ళలో కూడా ఎలక్ట్రిక్ కార్లు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారే రోజులు మొదలయ్యాయి.

తరిగేది ఏమిటి?

బ్యాటరీని ఒక కుండ అనుకుందాం. ఛార్జింగ్ అంటే నింపడం, నడపడం అంటే వంపుకోవడం. రోజులు గడిచేకొద్దీ ఈ కుండే చిన్నదవుతూ ఉంటుంది. అయినా తెర మీద 100 శాతం అని కనిపించడం ఆగదు. అది ఇవాళ్టి కుండకు నూరు శాతం, కొన్ననాటి కుండకు కాదు. అందుకే ఛార్జింగ్ శాతం వేరు, ఆరోగ్య శాతం వేరు. కొత్తలో 30 యూనిట్లు పట్టిన బ్యాటరీ ఇప్పుడు 27 యూనిట్లే పడితే దాని ఆరోగ్యం 90 శాతం. ఇక్కడ యూనిట్ అంటే మన కరెంటు బిల్లులోని యూనిటే, అంటే కిలోవాట్ అవర్. ఈ ఆరోగ్య శాతాన్నే కంపెనీలు ఎస్‌ఓహెచ్ అంటాయి.

కుండ ఎందుకు చిన్నదవుతుంది? ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు క్యాథోడ్ నుంచి బయల్దేరి, ఎలక్ట్రోలైట్ ద్రవంలో ఈది, అవతలి ఒడ్డున గ్రాఫైట్ పొరల మధ్య దూరి కూర్చుంటాయి. నడిపేటప్పుడు తిరిగి వస్తాయి. గ్రాఫైట్‌కూ ద్రవానికీ మధ్య తొలి ఛార్జింగ్‌లోనే ఒక సన్నటి పొర కడుతుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఇమాన్యుయేల్ పెలెడ్ 1979లో దీనికి ‘సాలిడ్ ఎలక్ట్రోలైట్ ఇంటర్‌ఫేజ్’ అని పేరు పెట్టారు. ఈ పొర లేకపోతే ద్రవం గ్రాఫైట్‌ను తాకి విరిగిపోతూనే ఉంటుంది, బ్యాటరీ నాలుగు రోజులు కూడా నిలవదు. బ్యాటరీని బతికించే పొర ఇదే, మెల్లగా ముసలిదాన్ని చేసేదీ ఇదే. పొర మందమయ్యేకొద్దీ కొంత లిథియం అందులో చిక్కుకుపోతుంది. చిక్కుకున్న లిథియం మళ్ళీ ప్రయాణానికి రాదు.

మందమైన పొరే ఇంకా మందం కాకుండా తనకు తాను అడ్డం పడుతుంది కాబట్టి ఈ నష్టం కాలానికి వర్గమూలంగా నడుస్తుంది. మొదటి ఏడాదిలో పోయిన మోతాదు నాలుగేళ్ళకు రెట్టింపవుతుంది, నాలుగు రెట్లు కాదు. కొత్త కారుకు తొలి ఏడాది మూడు నాలుగు శాతం తగ్గిందని కంగారుపడే వాళ్ళు గుర్తుపెట్టుకోవలసిన మాట ఇది. తొలినాటి వేగం చివరిదాకా ఉండదు.

ఈ తరుగుదలకు మొదటి శత్రువు వేడి. రసాయన చర్యల వేగం పది డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుందన్నది పాత మోటు లెక్క. బ్యాటరీ పొరకు కూడా అది దగ్గరగానే వర్తిస్తుంది. రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో రెంటచింతలలోనో రామగుండంలోనో నిలబెట్టిన కారు కదలకపోయినా దాని బ్యాటరీకి వయసు మీద పడుతూనే ఉంటుంది. ఇది నిల్వలో వచ్చే ముసలితనం. నిండా ఛార్జ్ చేసి నిలబెడితే ఇంకా ఎక్కువ. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో సెల్స్‌ను రకరకాల ఛార్జింగ్ స్థాయిల్లో నెలల తరబడి నిల్వ ఉంచి చూశారు. ఛార్జింగ్ స్థాయి పెరిగేకొద్దీ నష్టం నున్నగా పెరగలేదు. మెట్లు మెట్లుగా పెరిగింది. గ్రాఫైట్‌లో లిథియం సర్దుకునే అంచెలే ఆ మెట్లు. సగం నిండాక వచ్చే పై మెట్టు మీద నష్టం ఎక్కువ.

వాడకంలో వచ్చే ముసలితనం రెండోది. లిథియం దూరినప్పుడు గ్రాఫైట్ పదో వంతు దాకా ఉబ్బుతుంది, ఖాళీ అయినప్పుడు కుంచించుకుపోతుంది. వేలసార్లు ఇలా జరిగాక రేణువులు చిట్లుతాయి, చిట్లిన చోట కొత్త పొర కడుతుంది. గడ్డకట్టే చలిలోనో, మితిమీరిన వేగంతోనో ఛార్జ్ చేస్తే లిథియం గ్రాఫైట్ లోపలికి దూరలేక పైనే లోహంగా పేరుకుంటుంది. ఇవన్నీ ఒక హద్దు దాటి పోగుపడ్డప్పుడు అప్పటిదాకా వాలుగా దిగిన గీత ఒక్కసారిగా నిట్టనిలువుగా కిందికి జారుతుంది. పరిశోధకులు దీన్ని ‘మోకాలు’ అంటారు. ముందస్తు అంచనా కట్టేవాళ్ళకు నిద్ర పట్టనివ్వనిది ఈ మోకాలే.

కొలవడమే కష్టం

రేపటి ఆరోగ్యాన్ని అంచనా కట్టడం అటుంచి, ఇవాళ్టి ఆరోగ్యాన్ని కొలవడమే తేలిక కాదు. పెట్రోలు ట్యాంకులో తేలే బంతిలాంటిది బ్యాటరీలో లేదు. లోపల ఎంత లిథియం పనికొస్తున్నదో నేరుగా చెప్పే సెన్సర్ లేదు. ఉన్నవి మూడే కొలతలు: వోల్టేజీ, కరెంటు, ఉష్ణోగ్రత. మిగతాదంతా లెక్క.

ఇంట్లో ఎవరైనా చేసుకోగల లెక్క ఒకటి చూద్దాం. 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు. తెర మీద 20 శాతం ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టి, 100 శాతానికి తీసి, గోడ దగ్గర మీటరు చూశాం. 27 యూనిట్లు లాగింది. దారిలో వేడిగా పోయేది 11 శాతం అనుకుంటే బ్యాటరీలోకి చేరింది 24 యూనిట్లు. అది 80 శాతం కుండ. నూరు శాతానికి 30 యూనిట్లు. బాగుంది. కానీ తెర మీది 20 శాతం నిజానికి 22 అయితే? అప్పుడు 24 యూనిట్లు 78 శాతం కుండకు సరిపోయినట్టు, కుండ మొత్తం 30.8 యూనిట్లు అయినట్టు లెక్క. రెండు శాతం చూపు తేడా సామర్థ్యంలో రెండున్నర శాతానికి పైగా తేడా తెచ్చింది. మామూలు కారు బ్యాటరీ ఏడాదికి తరిగేది రెండు శాతం చుట్టుపక్కల. కొలతలో తప్పు కొలవబోయే మార్పు కంటే పెద్దదైంది. ఒక్కరోజు కొలత చూసి మురిసిపోవద్దు, కుంగిపోవద్దు అనడానికి కారణం ఇదే. ఏడాది పొడవునా, ఒకే పద్ధతిలో, ఒకే వాతావరణంలో తీసిన కొలతల వరుసే నిజం చెబుతుంది.

ఇప్పుడు మన దేశంలో అమ్ముడవుతున్న ఎలక్ట్రిక్ కార్లలో ఎక్కువ భాగం వాడే ఎల్‌ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలతో ఈ చిక్కు రెట్టింపు. టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందం 1997లో ప్రకటించిన రసాయనం ఇది. ఆ తొలి పత్రంలో మొదటి పేరు అక్షయ పాధి, రెండో పేరు నంజుండస్వామి. ఈ రసాయనం నిప్పుకు సులభంగా లొంగదు, ఆయుష్షు ఎక్కువ, నికెల్, కోబాల్ట్ అక్కర్లేదు. కానీ దీని వోల్టేజీ 20 నుంచి 90 శాతం దాకా 3.3 వోల్టుల దగ్గర ఇంచుమించు కదలకుండా ఉంటుంది. చెరువు నీటి మట్టం కదలకపోతే ఎంత నీరు ఉందో గట్టు మీద నుంచి ఎలా చెప్పాలి? అందుకే బీఎంఎస్ అనే బ్యాటరీ పర్యవేక్షణ వ్యవస్థ వచ్చిన కరెంటు, పోయిన కరెంటు కూడుతూ తీసేస్తూ జమాఖర్చు రాసుకుంటుంది. చిల్లర తప్పులు రోజూ పోగవుతాయి. వారానికోసారి నిండా ఛార్జ్ చేయమని కంపెనీలు చెప్పేది అందుకే. నిండిన చోట వోల్టేజీ పైకి లేస్తుంది, అక్కడ జమాఖర్చు సరిచూసుకుంటుంది.

ఫీనిక్స్‌లో నిజం, న్యూజిలాండ్‌లో పొరపాటు

ఈ కష్టం ఎంత దూరం వెళ్ళగలదో రెండు నిజ సంఘటనలు చెబుతాయి. రెండూ ఒకే కారు చరిత్రలోవి.

నిస్సాన్ లీఫ్ 2010 డిసెంబరులో మార్కెట్లోకి వచ్చింది. 24 యూనిట్ల బ్యాటరీ. దాన్ని చల్లబరిచే ద్రవ వ్యవస్థ ఏదీ లేదు. డాష్‌బోర్డు మీద ఆరోగ్యానికి 12 గీతలు. 2012 వేసవిలో అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో కొందరు యజమానుల కార్లలో గీతలు మాయమవడం మొదలైంది. ఇక్కడ గమనించవలసిన మెలిక ఒకటి ఉంది. పన్నెండు గీతలు కదా, ఒక్కో గీత ఎనిమిది శాతం అని ఎవరైనా అనుకుంటారు. కానీ మొదటి గీత పోవాలంటే సుమారు 15 శాతం తరగాలి, ఆ తర్వాత గీతకు 6.25 శాతం చొప్పున. అంటే మొదటి గీత పోయేదాకా యజమానికి ఏమీ కనిపించదు. కనిపించేసరికే ఆరో వంతుకు దగ్గరగా పోయింది. రెండేళ్ళు నిండని కార్లకు ఈ గతి పట్టింది. యజమానులు సొంతంగా కార్లను ఒకచోట చేర్చి, ఒకే వేగంతో నడిపి, దూరం కొలిచి చూసుకున్నారు. ఎడారి ఎండ బ్యాటరీని నిజంగానే తినేసిందని తేలింది. కంపెనీ తొమ్మిది గీతలు, అంటే సుమారు 70 శాతం నిలుస్తుందని అయిదేళ్ళు లేదా 60,000 మైళ్ళ హామీ ఇచ్చింది. తర్వాత వేడిని తట్టుకునే కొత్త రసాయనంతో బ్యాటరీ తెచ్చింది. ఎడారిలో బతికే జీవి పేరు మీద దానికి ‘లిజర్డ్ బ్యాటరీ’ అన్న ముద్దుపేరు వచ్చింది.

ఆరేళ్ళ తర్వాత న్యూజిలాండ్‌లో దీనికి పూర్తిగా ఎదురు సంఘటన జరిగింది. ‘ఫ్లిప్ ద ఫ్లీట్’ అనే పౌర విజ్ఞాన బృందం అక్కడి 283 లీఫ్ కార్ల నుంచి నెలనెలా ఆరోగ్య శాతాలు సేకరించింది. 24 యూనిట్ల పాత బ్యాటరీ ఏడాదికి 3 శాతం చొప్పున తగ్గుతుంటే, 30 యూనిట్ల కొత్త బ్యాటరీ 10 శాతం చొప్పున పడిపోతున్నట్టు 2018లో లెక్క తేలింది. న్యూజిలాండ్‌లో ఎడారి ఎండ లేదు. మరి ఎందుకిలా? కంపెనీ పరిశీలించి, తప్పు బ్యాటరీలో లేదు, దాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌లో ఉందని చెప్పి సవరణ విడుదల చేసింది. సవరించిన కార్లలో ఆరోగ్య శాతం ఒక్కరోజులో పైకి లేచింది.

ఒకచోట బ్యాటరీ చెడింది, ఇంకోచోట గేజీ చెడింది. తెర మీద కనిపించిన లక్షణం మాత్రం రెండు చోట్లా ఒకటే. తెర మీది ఆరోగ్య శాతం థర్మామీటరు చూపే జ్వరంలాంటిది కాదు, నాడి పట్టి వైద్యుడు చెప్పే అభిప్రాయంలాంటిది. వైద్యుడు ఎంత మంచివాడైనా ఇంకొకరు సరిచూడగలగాలి. రెండు ఉదంతాల్లోనూ సమస్యను బయటికి లాగింది ఏ ప్రయోగశాలో ప్రభుత్వమో కాదు, తమ కొలతలు ఒకచోట పోసి చూసుకున్న మామూలు యజమానులు. కారు పోర్టుకు చిన్న పరికరం తగిలించి, ఫోన్‌లో అంకెలు చదువుకున్న మనుషులు.

ముందుచూపుకు మూడు దారులు

రేపటి సంగతి చెప్పడానికి పరిశోధకులు మూడు దారులు వేశారు.

మొదటిది భౌతికశాస్త్రం దారి. బర్కిలీలో మార్క్ డోయల్, థామస్ ఫుల్లర్, జాన్ న్యూమన్ 1993లో సెల్ లోపలి అయాన్ల కదలికను సమీకరణాల్లో పెట్టారు. దానికి పొర పెరుగుదల, లోహం పేరుకోవడం, రేణువులు చిట్లడం కలుపుకుంటూ పోతే ముసలితనాన్ని కారణాలతో సహా చెప్పొచ్చు. ఎందుకు జరుగుతుందో చెప్పగలగడం ఈ దారి బలం. ఒక్కో సెల్‌కు డజన్ల కొద్దీ స్థిరాంకాలు తెలియాలి, అవి కంపెనీల గుట్టు. ఇది దీని బలహీనత. పూర్తి సమీకరణాలు వద్దనుకున్నవాళ్ళు వేడికి ఒక పదం, వాడకానికి ఒక ఘాతం పెట్టి పొట్టి సూత్రాలు రాసుకున్నారు. ఎల్‌ఎఫ్‌పీ సెల్స్ మీద 2011లో వచ్చిన పేరున్న సూత్రంలో వాడకం ఘాతం 0.55. వర్గమూలానికి, అంటే 0.5కు, అది ఎంత దగ్గరో చూడండి. పొర కట్టే రసాయనమే ఆ అంకెలో తొంగిచూస్తోంది.

రెండోది అంచనాను రోజూ దిద్దుకునే దారి. రుడాల్ఫ్ కాల్మన్ 1960లో ఇచ్చిన వడపోత గణితం చంద్రయాత్రకు వెళ్ళిన అపోలో నౌకల స్థానం లెక్కకు పనికొచ్చింది. దాన్నే కొలరాడోకు చెందిన గ్రెగరీ ప్లెట్ 2004లో కారు బ్యాటరీకి అన్వయించారు. సూత్రం ఒక అంచనా చెబుతుంది, సెన్సర్ ఒక కొలత చెబుతుంది, రెంటిలో ఏది ఎంత నమ్మదగ్గదో తూచి ఆ మధ్యన నిజాన్ని పట్టుకుంటుంది. నాసా ఏమ్స్ కేంద్రంలో భాస్కర్ సాహా, కై గోబెల్ ఇదే కోవలో మిగిలిన ఆయుష్షును ఒకే అంకెగా కాకుండా సంభావ్యతల గుత్తిగా చెప్పే పద్ధతి తెచ్చారు. వాళ్ళ సెల్ పరీక్షల సమాచారాన్ని నాసా అందరికీ తెరిచి ఉంచింది. ఇవాళ ఈ రంగంలో అడుగుపెట్టే విద్యార్థులు ఎందరో ఆ సమాచారంతోనే సాధన మొదలుపెడతారు.

మూడోది సమాచారం నుంచి నేర్చుకునే దారి. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. బ్యాటరీ కూడా అంతేనా? స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, టొయోటా పరిశోధన సంస్థ కలిసి 2019లో ‘నేచర్ ఎనర్జీ’ పత్రికలో ఇచ్చిన జవాబు ఈ రంగాన్ని మలుపు తిప్పింది. 124 ఎల్‌ఎఫ్‌పీ సెల్స్‌ను రకరకాల వేగాలతో ఛార్జ్ చేస్తూ 80 శాతానికి పడిపోయేదాకా నడిపారు. ఒకటి 150 సార్లకే కూలింది, ఒకటి 2,300 సార్లు నిలిచింది. ఒకసారి నింపి ఖాళీ చేయడం ఒక సైకిల్. తొలి 100 సైకిళ్ళలో సామర్థ్యం గీత చూస్తే ఏది ముందు పోతుందో ఎవరూ చెప్పలేరు. చాలా సెల్స్‌లో అది అసలు తగ్గనే లేదు, కొంచెం పెరిగింది కూడా. పరిశోధకులు అది వదిలేసి, ఖాళీ అయ్యేటప్పుడు వోల్టేజీ నడిచిన వంపును పట్టుకున్నారు. పదో సైకిల్ వంపును నూరో సైకిల్ వంపులోంచి తీసేశారు. తేడా చదునుగా ఉన్న సెల్ చిరంజీవి, తేడా చెదిరి ఉన్న సెల్ అల్పాయుష్షుది. ఈ ఒక్క ఆనవాలుతో మొదలుపెట్టి, మొత్తం ఆయుష్షును 9.1 శాతం తప్పుతో ముందే చెప్పగలిగారు. మొదటి అయిదు సైకిళ్ళతోనే పొట్టి ఆయుష్షు సెల్స్‌ను, పొడుగు ఆయుష్షు సెల్స్‌ను నూటికి 95 సార్లు సరిగ్గా వేరుచేశారు. మరుసటి ఏడాది ఇదే ఉపాయంతో 224 రకాల వేగ ఛార్జింగ్ పద్ధతుల్లో మేలైనవి ఏవో 16 రోజుల్లో తేల్చారు. పాత పద్ధతిలో అయితే 500 రోజులు దాటేది.

ప్రయోగశాల గడప దాటాక

ఇంత బాగా కుదిరిన జోస్యం రోడ్డు మీద ఎందుకు కుదరదు? ఆ 124 సెల్స్ ఒకే కంపెనీవి, ఒకే 30 డిగ్రీల గదిలో ఉన్నవి, ఒకే తీరుగా ఖాళీ అయినవి. రోడ్డు మీద ఏ రెండు రోజులూ ఒకటి కావు. తిరుమల ఘాట్ ఎక్కే ఎలక్ట్రిక్ బస్సు బ్యాటరీ ఎక్కేటప్పుడు చెమటోడ్చి ఖాళీ అవుతుంది, దిగేటప్పుడు బ్రేకుల నుంచి కొంత తిరిగి నింపుకుంటుంది. అదే రకం బ్యాటరీ హైదరాబాద్ ట్రాఫిక్‌లో అడుగడుగునా ఆగుతూ సాగుతుంది. రెండింటి ముసలితనం ఒక గీత మీద నడవదు.

తమాషా ఏమిటంటే రోడ్డు ఎప్పుడూ బ్యాటరీకి శత్రువే కాదు. స్టాన్‌ఫర్డ్ బృందం 2024 డిసెంబరులో ఒక పరిశోధన ప్రకటించింది. 92 సెల్స్‌ను రెండేళ్ళపాటు పరీక్షించి, ప్రయోగశాలలో ఒకే వేగంతో ఖాళీ చేసిన సెల్స్ కంటే, అసలు డ్రైవింగ్‌లా పెంచుతూ తగ్గిస్తూ ఖాళీ చేసిన సెల్స్ 38 శాతం దాకా ఎక్కువ కాలం నిలిచాయని చూపింది. దశాబ్దాలుగా ప్రయోగశాలలు బ్యాటరీని కాస్త ఎక్కువే భయపెట్టి పరీక్షించాయన్నమాట.

ఇంకో చిక్కు సెల్స్ మధ్యే ఉంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. బ్యాటరీకి ఆ సామెత చెల్లదు. జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం 2014లో ఒకే బ్యాచ్‌కు చెందిన 48 సెల్స్‌ను ఒకే పరీక్షకు పెట్టింది. మొదట్లో అన్నీ కవల పిల్లల్లా ఉన్నాయి. పోనుపోను గీతలు విసనకర్రలా విచ్చుకున్నాయి. కారు ప్యాక్‌లో వరసగా కలిపిన సెల్స్‌లో అన్నిటికంటే బలహీనమైనదే మొత్తం ప్యాక్‌కు హద్దు గీస్తుంది. అందుకే వెయ్యి కార్ల సగటు చెప్పడం తేలిక, మీ ఒక్క కారు సంగతి చెప్పడం కష్టం.

సగటు లెక్కలు మాత్రం గుండెకు ధైర్యం ఇస్తున్నాయి. వాహనాల సమాచారం సేకరించే జియోటాబ్ సంస్థ 2020లో 6,000కు పైగా కార్లను చూసి ఏడాదికి సగటున 2.3 శాతం తగ్గుతోందని చెప్పింది. 2024లో కొత్త లెక్క 1.8 శాతం. మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లు 2 లక్షల మైళ్ళు, అంటే 3.2 లక్షల కిలోమీటర్లు తిరిగాక సగటున 12 శాతమే కోల్పోయాయని టెస్లా తన నివేదికలో రాసుకుంది. కెనడాలో డల్‌హౌసీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెఫ్ డాన్ బృందం 2019లో పది లక్షల మైళ్ళు నడవగల సెల్ రసాయనాన్ని బహిరంగంగా ప్రచురించి, మిగతా వాళ్ళందరికీ దాన్ని కొలబద్దగా పెట్టింది.

వేగ ఛార్జింగ్ విషయంలో మాత్రం ఫలితాలు ఒక మాట మీద లేవు. ఐడహో జాతీయ ప్రయోగశాల ఫీనిక్స్ ఎండలోనే నాలుగు లీఫ్ కార్లను 50,000 మైళ్ళు తిప్పింది. రెండిటికి మామూలు ఛార్జింగ్, రెండిటికి వేగ ఛార్జింగ్. వేగ ఛార్జింగ్ కార్లు కాస్త ఎక్కువ కోల్పోయాయి. కానీ ఆ తేడా, నాలుగు కార్లూ కలిసి కోల్పోయిన దాని ముందు చిన్నది. రికరెంట్ అనే సంస్థ 2023లో 12,500 టెస్లా కార్లను చూసి, వేగ ఛార్జింగ్ ఎక్కువ వాడిన వాటికీ తక్కువ వాడిన వాటికీ చెప్పుకోదగ్గ తేడా లేదంది. వేడి వాతావరణంలో తరచూ వేగ ఛార్జింగ్ నష్టం పెంచుతోందని జియోటాబ్ అంటోంది. చల్లబరిచే ఏర్పాటు బాగున్న కారుకు వేగ ఛార్జింగ్ అప్పుడప్పుడూ ఫరవాలేదని, అది లేని కారుకు ఎండ, వేగం రెండూ ఒకేసారి తగలనివ్వకూడదని ఈ మూడింటినీ కలిపి చదివితే నాకు అర్థమవుతోంది.

గేజీకే పరీక్ష

ప్రభుత్వాలు ఈ రంగంలోకి ఆలస్యంగా వచ్చినా సరైన చోట చేయి వేశాయి. జెనీవాలో ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల వేదిక 2022 మార్చిలో 22వ ప్రపంచ సాంకేతిక నిబంధనను ఆమోదించింది. అయిదేళ్ళు లేదా లక్ష కిలోమీటర్లకు 80 శాతం, ఎనిమిదేళ్ళు లేదా 1.6 లక్షల కిలోమీటర్లకు 70 శాతం మిగలాలి. ఇందులో అసలు గొప్పతనం శాతాల్లో లేదు, పరీక్ష రెండు భాగాలుగా ఉండటంలో ఉంది. మొదటి భాగంలో కొన్ని కార్లను రోడ్డు మీద నుంచి తెచ్చి, కారు తెర చెప్పిన ఆరోగ్యానికీ పరీక్షశాల కొలిచిన ఆరోగ్యానికీ పొంతన ఉందో లేదో చూస్తారు. అంటే ముందు గేజీకి పరీక్ష. అందులో నెగ్గాకే రెండో భాగంలో వందల కార్ల తెర అంకెలు సేకరించి, నూటికి తొంభై కార్లు హద్దు దాటాయో లేదో చూస్తారు. న్యూజిలాండ్ పాఠం, ఫీనిక్స్ పాఠం రెండూ ఈ రెండు భాగాల్లో ఉన్నాయి.

యూరప్ తన యూరో 7 చట్టంలో ఎనిమిదేళ్ళ హద్దును 72 శాతానికి పెంచింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ ప్రతి ఎలక్ట్రిక్ వాహన బ్యాటరీకి డిజిటల్ పాస్‌పోర్టు తప్పనిసరి. కాలిఫోర్నియా 2026 మోడళ్ళ నుంచి బ్యాటరీ ఆరోగ్యాన్ని యజమాని తనంతట తాను చదువుకునేలా చూపించి తీరాలంది.

మన దగ్గర సంగతి

మన దేశంలో బ్యాటరీ చర్చ 2022 మంటలతో మొదలైంది. ఆ ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. దాని వెంట ఏఐఎస్-156, ఏఐఎస్-038 ప్రమాణాలు బిగించారు. అవి రావలసినవే. కానీ అవి మంటల నుంచి కాపాడే ప్రమాణాలు. ఎనిమిదేళ్ళకు ఎంత సామర్థ్యం మిగలాలి, దాన్ని తెర మీద ఎలా చూపాలి అన్నది వాటి పని కాదు. ఆ పని ఇప్పుడు కంపెనీల వారంటీ కాగితాలకు వదిలేసి ఉంది. ఎనిమిదేళ్ళు, 1.6 లక్షల కిలోమీటర్ల హామీ మామూలైంది. 2024, 2025ల్లో టాటా, మహీంద్రా, ఎంజీ కొన్ని మోడళ్ళకు జీవితకాల హామీ దాకా వెళ్ళాయి. కంపెనీలకు తమ బ్యాటరీల మీద నమ్మకం పెరిగిందనడానికి ఇది మంచి గుర్తు. అయితే ఆ జీవితకాలం మొదటి యజమానికే. రెండో యజమానికి అసలు అవసరమైనది హామీ కంటే ముందు నమ్మదగ్గ అంకె.

బ్యాటరీ ప్యాక్‌కు ఆధార్ లాంటి గుర్తింపు సంఖ్య ఇవ్వాలన్న ముసాయిదా మార్గదర్శకాలు కేంద్ర రవాణా శాఖ నుంచి వచ్చాయి. మంచి అడుగు. ఆ సంఖ్య వెనక బ్యాటరీ పుట్టుక ఒక్కటే కాకుండా దాని ఆరోగ్య చరిత్ర కూడా ఉండాలి. ప్రపంచ సాంకేతిక నిబంధనలకు ఆధారమైన 1998 ఒప్పందంలో భారత్ 2006 నుంచి భాగస్వామి. 22వ నిబంధన మనకు పరాయిది కాదు, ఇంకా ఇంట్లోకి తెచ్చుకోలేదంతే.

మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా సెల్ ఫ్యాక్టరీ కడుతోంది. హైదరాబాద్ బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎల్‌ఎఫ్‌పీ పదార్థాన్ని దేశీయంగా తయారుచేసే పద్ధతుల మీద ఏళ్ళుగా పనిచేస్తున్నారు. సెల్ మన గడ్డ మీద పుట్టబోతున్నప్పుడు, అది మన ఎండలో ఎలా ముసలిదవుతుందో చెప్పే సమాచారం కూడా మన గడ్డ మీదే పోగవ్వాలి. మ్యూనిక్ గదుల్లో, కాలిఫోర్నియా రోడ్ల మీద తయారైన సూత్రాలు 45 డిగ్రీల నీడలేని పార్కింగును ఊహించి రాసినవి కావు. మన ఇంజినీరింగ్ కళాశాలలకు ఇంతకంటే పనికొచ్చే ప్రాజెక్టు ఏముంటుంది?

తీర్పు

ఇంత సాహిత్యం చదివాక నాకు తేలినది ఇది. సగటు బ్యాటరీ భవిష్యత్తు ఇవాళ మనకు బాగానే తెలుసు, అది భయపడవలసినంత చెడ్డది కాదు. ఒక్క కారు భవిష్యత్తును కచ్చితంగా చెప్పే విద్య ఇంకా రాలేదు. కాబట్టి జోస్యం కంటే లెక్కరాత ముఖ్యం. ఆ లెక్క యజమానికి కనిపించాలి, దాన్ని ఇంకొకరు సరిచూడగలగాలి, కారు చేతులు మారినప్పుడు కారుతోపాటే వెళ్ళాలి. 22వ నిబంధనలోని మొదటి భాగాన్ని, అంటే గేజీ పరీక్షను, మన ప్రభుత్వం ముందుగా తెచ్చినా చాలు, సగం మేలు జరుగుతుంది.

అప్పటిదాకా యజమాని చేయగలిగింది తక్కువేం కాదు. ఎండాకాలం నీడ వెతకండి. నిండా ఛార్జ్ చేసిన కారును రోజుల తరబడి ఎండలో వదలకండి. ఎల్‌ఎఫ్‌పీ అయితే వారానికోసారి నిండా ఎక్కించండి. నికెల్ రసాయనం అయితే రోజువారీకి 80 శాతం దగ్గర ఆపండి. అన్నిటికంటే ముందు, కారు కొన్న మొదటి నెలలోనే ఒకసారి 20 నుంచి 100 దాకా ఛార్జ్ చేసి, మీటరులో యూనిట్లు, ఆ రోజు ఎండ, కిలోమీటర్లు ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి. ఏడాదికి రెండుసార్లు అదే పని చేయండి. అయిదేళ్ళ తర్వాత మీ కారు కొనడానికి వచ్చినవాడికి ఆ పది వరుసలు చూపించండి. ఏ తెరా చెప్పలేని నిజం ఆ పుస్తకంలో ఉంటుంది.